సంఘ పెద్దరికం: కొత్తవారికి కొన్ని మెళకువలు

సంఘ పెద్దగా ఎన్నికైనందుకు అభినందనలు. పోయిన ఆదివారం మీకోసం చేతులెత్తినవాళ్లలో సగం మంది మీ చుట్టాలేననీ, మిగతా సగం త్వరగా ఇంటికెళ్లి అన్నం తిందామని ఎత్తారనీ ఎవరైనా అంటే పట్టించుకోకండి. పిలుపు దేవుడిది. చేతులు మాత్రమే సంఘానివి.

ఇరవై మూడేళ్లుగా సంఘ వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీలో ఉన్నవాణ్ణి. ప్రెస్బిటేరియన్ పాలనా సూత్రాలను, అంటే బిషప్పు లేకుండా పెద్దల సభలే సంఘాన్ని నడిపే పద్ధతిని, మీ చేతిలో పెట్టి వెళ్లడం నా ధర్మం. వెళ్లడం అంటే కమిటీ నుంచి కాదు, ఈ వ్యాసం నుంచి.

మనది సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) కదండీ, ఆ ప్రెస్బిటేరియన్లతో మనకేం పని అని మీకు అనుమానం రావచ్చు. మన పాస్టరుగారిని కాగితాల మీద ఏమని రాస్తాం? ప్రెస్బిటర్ అని. గ్రీకులో ఆ మాటకు పెద్ద అని అర్థం. 1908లో ప్రెస్బిటేరియన్లూ, కాంగ్రిగేషనలిస్టులూ కలిసి దక్షిణ భారత ఐక్య సంఘం పెట్టుకున్నారు. అది 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో ఆంగ్లికన్లతో, మెథడిస్టులతో కలిసిపోయి మన సి.ఎస్.ఐ. అయింది. ఆంగ్లికన్లు బిషప్పును తెచ్చారు, ప్రెస్బిటేరియన్లు కమిటీల అలవాటు తెచ్చారు. పెళ్లికి ఇటువాళ్లూ అటువాళ్లూ చెరో బిందె తెస్తే ఏదీ తిప్పి పంపలేక రెండూ అటకెక్కించినట్టు, మనం రెండూ ఉంచుకున్నాం. అందుకే చర్చి పైకప్పు కారితే కమిటీ బిషప్పుగారిని చూపిస్తుంది, బిషప్పుగారు కమిటీని చూపిస్తారు. ఇంత సౌకర్యం ప్రెస్బిటేరియన్ పద్ధతికి పేరుపడ్డ స్కాట్లండ్‌వాళ్లకు లేదు. పాపం, వాళ్లకు ఉన్నది ఒక్క బిందే.

ఆ పద్ధతికి పునాది చాలా తేలిక. మనిషి పాపి. పాస్టరూ మనిషే. బిషప్పు పొడుగు టోపీ పెట్టుకున్న మనిషి. కనుక సంఘాన్ని ఏ ఒక్కడి చేతిలోనూ పెట్టకూడదు, పదిమంది పెద్దల చేతిలో పెట్టాలి. మీరు లెక్కల్లో గట్టివారైతే, పదిమంది పాపుల్ని కూడితే పుణ్యాత్ముడెలా వస్తాడని అడుగుతారు. అడగకండి. ఇరవై మూడేళ్లలో నేను ఒక్కసారీ అడగలేదు.

1560లో స్కాట్లండ్ పోపుగారికి దణ్ణం పెట్టేశాక, సంఘాన్ని ఎలా నడపాలో రాయమని ఆరుగురికి అప్పగించారు. అక్కడి మతసంస్కర్త జాన్ నాక్స్ ఒకడు. మిగతా ఐదుగురి పేర్లు కూడా జానే, అంటే మన యోహానే. ఆరుగురు యోహానులు ఒక గదిలో కూర్చుని రాసిన ఆ క్రమశిక్షణ గ్రంథంలో ఒక ప్రమాదకరమైన మాట ఉంది: పెద్దల్ని ఏడాదికొకసారి ఎన్నుకోవాలట! ఎందుకయ్యా అంటే, ఎక్కువకాలం పదవిలో ఉంటే మనిషి సంఘం స్వేచ్ఛనే తన సొంతం అనుకుంటాడట. రాసేటప్పటికి వాళ్లకు సంఘ పెద్దల అనుభవం లేదు, అందుకే అంత కచ్చితంగా చెప్పగలిగారు. పద్దెనిమిదేళ్లు గడిచాయి. 1578లో రెండో గ్రంథం వచ్చింది. అందులో పెద్దరికం జీవితకాలపు పదవి అయింది. మధ్యలో ఏం జరిగి ఉంటుందో చరిత్రకారులను అడగక్కర్లేదు. నన్నడగండి.

ఆ మొదటి గ్రంథంలోని ఇంకో సూత్రాన్ని మాత్రం మనం తు.చ. తప్పకుండా పాటిస్తున్నాం. పాస్టరు నడవడిని, శ్రద్ధను, చదువును పెద్దలు కనిపెట్టి ఉండాలని. కనిపెట్టే ఉన్నాం. అయ్యగారు ఏ కొట్టులో బియ్యం కొంటారో, పాస్టరమ్మగారు ఈస్టరుకు కట్టిన చీర కిందటి క్రిస్మస్‌దా కొత్తదా, అన్నీ మన దగ్గర ఉన్నాయి. చదువు సంగతే ఇంకా చూడలేదు.

పాలనకు వాక్యాధారం కావాలి కదా. బాగా పాలన చేసే పెద్దలు, అందులోనూ వాక్యోపదేశంలో ప్రయాసపడేవాళ్లు రెట్టింపు సన్మానానికి అర్హులని పౌలు తిమోతికి రాశాడు. ఈ మాటలోంచి ప్రెస్బిటేరియన్లు పెద్దల్ని రెండు రకాలుగా తీశారు: బోధించే పెద్ద, పాలించే పెద్ద. మొదటివాడు పాస్టరు, రెండోవాడు మీరు. సభలో ఇద్దరి ఓటుకూ ఒకటే బరువు. సన్మానం అంటే శాలువా అన్నది మన తెలుగువారి వ్యాఖ్యానం. రెట్టింపు అంటే రెండు శాలువాలు.

ఇక రాజ్యంతో ఎలా ఉండాలి? ఇక్కడ స్కాట్లండ్‌వాళ్లు కొంచెం మొరటు. 1596లో ఫాక్‌లండ్ కోటలో ఆండ్రూ మెల్విల్ అనే పండితుడు రాజు ఆరో జేమ్స్ చొక్కా చెయ్యి పట్టుకుని, నువ్వు దేవుడి వెర్రిబాగుల దాసుడివి, ఈ దేశంలో ఇద్దరు రాజులున్నారు, క్రీస్తు రాజ్యంలో నువ్వు రాజువూ కాదు, తలవూ కాదు, ఒక సభ్యుడివి మాత్రమే అని మొహం మీదే చెప్పాడు. జేమ్స్ ఆ చొక్కా చెయ్యి మర్చిపోలేదు. ఇంగ్లండుకు కూడా రాజయ్యాక 1604లో, బిషప్పు లేకపోతే రాజూ లేడని తేల్చేశాడు. మెల్విల్‌ను 1607లో లండన్ టవర్‌లో వేయించి నాలుగేళ్లు ఉంచాడు. ఇంతా చేస్తే ఇప్పటికీ ఎడిన్‌బరోలో జనరల్ అసెంబ్లీ, అంటే సంఘమంతటి మహాసభ, జరిగేటప్పుడు రాజుగారి ప్రతినిధి పైన గ్యాలరీలో కూర్చుంటారు. ఆ గ్యాలరీ లెక్కప్రకారం సభకు బయటే. పిలిస్తే మాట్లాడతారు, ఓటు లేదు.

ఎంత మర్యాద తెలియని మనుషులో చూడండి! మన దగ్గర క్రిస్మస్ ఆరాధనకు ఎమ్మెల్యేగారు వస్తే బలిపీఠం పక్కన సోఫా వేస్తాం. ప్రసంగం ఆపి ఆయనకు మైకు ఇస్తాం. ప్రహరీగోడకు నిధులిస్తానంటే చప్పట్లు కొడతాం. ఈ ఒక్క విషయంలో మెల్విల్‌ను అనుసరించవద్దని నా సలహా. ఎమ్మెల్యేగారి చొక్కా ఖద్దరు, పట్టుకుంటే నలుగుతుంది.

సామాన్య సభ్యుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 1637 జులై 23న ఎడిన్‌బరో సెయింట్ జైల్స్ చర్చిలో, జేమ్స్ కొడుకు చార్లెస్ పంపించిన కొత్త ప్రార్థన పుస్తకాన్ని ఆ చర్చి పెద్ద పాదిరి డీన్‌గారు తెరిచి చదవబోయాడు. ఎవరినీ అడగకుండా పైనుంచి వచ్చిన పుస్తకం అది. బజారులో అమ్ముకునే జెన్నీ గెడ్డిస్ అనే ఆవిడ తాను కూర్చున్న ముక్కాలిపీట తీసి ఆయన తలకేసి విసిరిందని చెప్పుకుంటారు. ఆవిడ కమిటీ మెంబరు కాదు. అజెండాలో ఆ అంశం లేదు. మరుసటి ఏడు దేశమంతా, రాజు తెచ్చిన ఈ మార్పులు ఒప్పుకోమంటూ రాసిన నిబంధన పత్రం మీద సంతకాలు పెట్టింది. గ్లాస్గోలో కూడిన జనరల్ అసెంబ్లీని, రద్దు చేశాను ఇళ్లకు పొండని రాజప్రతినిధి చెప్పి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాడు, వీళ్లు కూర్చున్నారు. కూర్చుని బిషప్పులందర్నీ తీసేశారు. ఒక పీటను సమయానికి స్వాధీనం చేసుకోకపోతే ఎంతదాకా వస్తుందో గమనించగలరు.

ప్రెస్బిటేరియన్లు తమ సభల్ని కోర్టులనే పిలుచుకుంటారు. ఈ మాట వినగానే తెలుగువాడి ప్రాణం లేచొస్తుంది. ఊళ్లో పెద్దలు, పాస్టరు కలిస్తే సెషన్. దాని మీద ప్రెస్బిటరీ, దాని మీద సినడ్, అన్నిటి మీద జనరల్ అసెంబ్లీ. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని మనం సామెత చెప్పి ఊరుకున్నాం, వాళ్లు దాన్ని రాజ్యాంగం చేశారు. పోయిన శతాబ్దం చివర్లో స్కాట్లండ్ సంఘంలో సినడ్ మెట్టు తీసేశారట. వాయిదాలు తగ్గించుకోవడం అంత మంచి సంకేతం కాదు.

ఈ మెట్ల గురించి మీకు ఒక కేసు చెప్పి తీరాలి. స్కాట్లండ్‌లో మాక్లిన్ అనే ఊళ్లో విలియం ఫిషర్ అని ఒక పెద్ద ఉండేవాడు. నాలాంటివాడే, ఊరి పాపాల లెక్క వేళ్ల మీద చెప్పగలడు. గావిన్ హామిల్టన్ అనే లాయరు ఆరాధనకు సరిగా రావడం లేదని, దైవభక్తి తక్కువని సెషన్ పట్టుకుంది. హామిల్టన్ ఊరుకోకుండా ఎయిర్ ప్రెస్బిటరీకి అప్పీలుకెళ్లాడు. 1785లో ప్రెస్బిటరీ అతని పక్షాన తీర్పు చెప్పింది. అంతటితో పోతే బాగుండేది. హామిల్టన్ స్నేహితుడొకడు రాబర్ట్ బర్న్స్ అనే కుర్ర రైతు, పద్యాలు రాస్తాడు. ఫిషర్ ఒంటరిగా ప్రార్థిస్తున్నట్టు ఒక పద్యం కట్టాడు. అందులో పెద్దగారు తనను ఎన్నుకున్నందుకు దేవుణ్ణి స్తుతిస్తాడు, తన ఆడపిచ్చిని కాస్త నసుగుతూ ఒప్పుకుంటాడు, ఆ తర్వాత హామిల్టన్ ఇంటి బంగాళాదుంపలతో సహా శపించమని వేడుకుంటాడు. బర్న్స్ బతికుండగా అది అతని పుస్తకాల్లో అచ్చు కాలేదు. చేతిరాత ప్రతులు చాలు, ఊళ్లో అందరికీ చదువొచ్చు. ప్రతి పేటలో ఒక బడి ఉండాలని ఆ ఆరుగురు యోహానులే రాసి పెట్టారు మరి. సెషన్ కూడా తక్కువ తినలేదు, మరుసటి ఏడు వేరే తప్పు మీద బర్న్స్‌ను సంఘం ముందు నిలబెట్టి మందలించింది. ఆ మందలింపు మినిట్స్ పుస్తకంలో ఉంది. పద్యం ఇంకా జనం నోట్లో ఉంది.

కనుక పై కోర్టు అన్నది మనం పాస్టరు మీద పైకి వెళ్లడానికే గాని, సభ్యులు మనమీద వెళ్లడానికి కాదని మొదటి మీటింగులోనే తీర్మానం చేయించండి. మా దగ్గర ఒకాయన, ఏడేళ్లుగా సమాధుల తోట లెక్క చెప్పలేదని మామీద పైకి రాశాడు. పైవాళ్లు ఆ ఉత్తరాన్ని విచారణ నిమిత్తం మాకే పంపారు. విచారించాం. ఆయన ఇప్పుడు వేరే సంఘానికి వెళుతున్నాడు.

వేరు పడటంలో కూడా స్కాట్లండ్‌వాళ్లు మనకు గురువులు. 1733లో ఒక ముక్క విడిపోయింది. 1747లో ఆ ముక్క, పట్టణ పౌరుడిగా ప్రమాణం చేయవచ్చా కూడదా అని రెండైంది. కొన్నాళ్లకు ఆ రెండూ పాత వెలుగు, కొత్త వెలుగు అని నాలుగయ్యాయి. ఇంతవరకూ మన పేటకు కూడా అర్థమయ్యే వ్యవహారమే. అర్థం కానిది 1843. పాస్టర్ను ఎంచుకునే హక్కు భూస్వామిదా సంఘానిదా అని పదేళ్లు కొట్లాడి, మే 18న జనరల్ అసెంబ్లీ నుంచి లేచి వీధుల్లో నడుచుకుంటూ పోయారు. వాళ్ల నాయకుడు థామస్ చామర్స్ వెంట వెళ్లిన పాస్టర్లు 470 మందికి పైనే. జీతాలు వదిలేశారు, పెళ్లాంబిడ్డలతో పాస్టరు బంగళాలు ఖాళీ చేశారు. కొన్నిచోట్ల భూస్వాములు గుడికి జాగా ఇవ్వకపోతే ఆరుబయట ఆరాధించారు. నేను చాలా చీలికలు చూశాను, రెండు చేయించాను కూడా. తాళాలు మార్చినవాళ్లను చూశాను, బోర్డు మార్చినవాళ్లను చూశాను. తాళంచెవి ఇచ్చేసి వెళ్లినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు. ఈ పేరా రాసేటప్పుడు నాకే కొంచెం ఇబ్బందిగా ఉంది, అందుకని ముందుకు పోదాం.

మోడరేటర్, అంటే సభాధ్యక్షుడి, పదవి గురించి రెండు ముక్కలు. స్కాట్లండ్ జనరల్ అసెంబ్లీ మోడరేటర్ ఏడాదే ఉంటారు. మొన్నటిదాకా గొప్పవారు, నేడు మళ్లీ మామూలు మనిషి. దీన్ని ఇక్కడ అమలు చేస్తే బ్యానర్లు కట్టేవాళ్లకు తప్ప ఎవరికీ మేలు లేదు.

పద్నాలుగో తేదీ సాయంత్రం ఆరింటికి కమిటీ. మినిట్స్ ముందే రాసి ఉంచాను, మీరు ప్రతిపాదించినట్టు, నేను బలపరిచినట్టు, ఏకగ్రీవమైనట్టు. అంశం ఒక్కటే: ప్లాస్టిక్ కుర్చీలన్నీ తీసేసి, బెంచీలు చేయించి నేలకు బోల్టులు బిగించడం. మీ సంతకానికి జాగా వదిలాను. స్త్రీల సమాజంవాళ్లు మాకు చాప చాలని అంటున్నారు. ఒప్పుకోండి.