బుకిత్ చగార్ దగ్గర ఫ్లాట్ తీసుకో అన్నా!

"అన్నా, రైలు మొదలైతే ఈ రేటుకి దొరకదు." మా ఆఫీసులో ఒక తమ్ముడిది రెండు నెలలుగా ఇదే పాట. సింగపూర్‌కి ఎదురుగా ఉన్న మలేషియా నగరం జొహోర్ బారులో, బుకిత్ చగార్ స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఫ్లాటట. సింగపూర్ జీతం, మలేషియా ఇల్లు, మధ్యలో 5 నిమిషాల రైలు. వాడి పోరు పడలేక ఒక ఆదివారం షో ఫ్లాట్ చూడ్డానికి రెండు దేశాల్ని కలిపే కాజ్‌వే రోడ్డు దాటాను. ఇమిగ్రేషన్ క్యూలో గంటన్నర పట్టింది. ఆ ఫ్లాట్‌కి అంతకు మించిన ప్రకటన ఉండదని ఒప్పుకుంటున్నా.

ఆ రైలు రాదని నేననడం లేదు. బుకిత్ చగార్ నుంచి సింగపూర్ వైపు ఉడ్‌ల్యాండ్స్ నార్త్ దాకా వేసే ఈ ఆర్‌టీఎస్ లైను 4 కిలోమీటర్లు, ఒక్కో వైపు గంటకు 10,000 మందిని మోస్తుంది. సముద్రం మీద వంతెన 2024 జనవరిలోనే కలిసింది. రెండు దేశాల పాస్‌పోర్ట్ తనిఖీ ఎక్కేచోటే అయిపోతుంది, దిగాక మళ్ళీ క్యూ ఉండదు. రైలుతో నాకే పేచీ లేదు. దాని పేరు చెప్పి వేస్తున్న లెక్కలతోనే గొడవ.

ఈ లైను కడతామని 2010లో ఇద్దరు ప్రధానులు చెప్పినప్పుడు 2018కల్లా నడుస్తుందన్నారు. 2018లో ఒప్పందం మీద సంతకాలు పెట్టి 2024 అన్నారు. తర్వాత పక్కన పెట్టి, 2020 జూలైలో మళ్ళీ మొదలుపెట్టి 2026 చివర అన్నారు. మొదటి మాట నమ్మి కొన్నవాడు 8 ఏళ్ళు అదనంగా మెయింటెనెన్సు, సింకింగ్ ఫండు (పెద్ద మరమ్మతుల కోసం దాచే నిధి) కట్టుకుంటూ కూర్చోవాలి. అయినా వాడే నయం. కౌలాలంపూర్-సింగపూర్ హైస్పీడ్ రైలుకి 2016లో ఒప్పందం అయింది. ముఆర్, బాటు పహాత్, ఇస్కందర్ పుతెరిలో స్టేషన్లు రావాలి. 2021 జనవరి 1 నాటికి అదంతా రద్దు. ఒప్పందం ముగిసినందుకు మలేషియా సింగపూర్‌కి 10 కోట్ల 28 లక్షల సింగపూర్ డాలర్లు చెల్లించింది. స్టేషన్ వస్తుందని ఫ్లాట్ కొన్నవాడికి మాత్రం ఆ ఒప్పందంలో చోటెక్కడుంది?

మలేషియా చట్టం ప్రకారం అపార్ట్‌మెంట్ 36 నెలల్లో అప్పగించకపోతే బిల్డర్ ఏడాదికి ధరలో 10 శాతం లెక్కన పరిహారం కట్టాలి. మంచి రూలు. రైలు ఆలస్యమైతే ఎవరూ పైసా కట్టక్కర్లేదు. మనం ధర కట్టేది మాత్రం రైలు నడుస్తున్నట్టే.

సేల్స్ కుర్రాడిని ఒకటే అడిగాను: "నేను అమ్మాలంటే ఎవరు కొంటారు?" సింగపూర్‌వాళ్ళు క్యూ కడతారన్నాడు. ఏ క్యూ బాబూ? అక్కడ విదేశీయులు సాధారణంగా 10 లక్షల రింగిట్లకు తక్కువైన ఇల్లు కొనకూడదు. 2026 నుంచి వాళ్ళకి స్టాంప్ డ్యూటీ 4 శాతం నుంచి 8 శాతానికి పెరిగింది. నా దగ్గర కొనే విదేశీయుడు కూడా అదే కట్టాలి కాబట్టి ముందే బేరమాడతాడు. 5 ఏళ్ళలోపు అమ్మితే మనలాంటివాళ్ళ లాభంలో 30 శాతం పన్ను. స్థానికులు కొనాలంటే, ఆ బాల్కనీలోంచి చూస్తేనే ఇలాంటి బిల్డింగులు లెక్కలేనన్ని, ప్రతిదానికీ అదే స్టేషను. అద్దెకొచ్చేవాడికీ అదే వెసులుబాటు: నువ్వు తగ్గకపోతే పక్క బిల్డింగువాడు తగ్గుతాడు.

ఇక రింగిట్ సంగతి. దీని గురించి ఆ షో ఫ్లాట్‌లో ఒక్క మాట లేదు. 2013లో సింగపూర్ డాలరుకి సుమారు రెండున్నర రింగిట్లు. 2024 మొదట్లో మూడున్నర. 10 లక్షల రింగిట్ల ఫ్లాట్‌కి అప్పుడు 4 లక్షల డాలర్లు పెట్టి, పదకొండేళ్ళ తర్వాత అదే ధరకి అమ్మితే చేతికి 2 లక్షల 86 వేలు. పన్నులు, ఖర్చులు ఇంకా తీయనే లేదు. ఫ్లాట్ విలువ ఒక్క రింగిట్ కూడా పడలేదు, లక్షా పద్నాలుగు వేల డాలర్లు పోయాయి! ఇది ఎప్పుడూ ఇలాగే జరుగుతుందని కాదు, రింగిట్ పుంజుకోనూవచ్చు. కానీ అది రైలు మీద బెట్టింగ్ కాదు, కరెన్సీ మీద బెట్టింగ్. అలా అని చెప్పి అమ్మితే ఎంతమంది కొంటారు?

ఇన్ని చెప్పినా తమ్ముడు వినలేదు. "నువ్వు అక్కడ ఉంటావా?" అంటే "లేదన్నా, ఇన్వెస్ట్‌మెంటు" అన్నాడు. ఆఫీసేమో సింగపూర్ పడమటి చివర తువాస్‌లో. ఉడ్‌ల్యాండ్స్ నార్త్‌లో రైలు దిగాక అక్కడికెంత సేపు పడుతుందో ఫోన్‌లో చూపించాను. కాసేపు మాట్లాడలేదు. మర్నాడు బుకింగ్ డబ్బులు కట్టేశాడు.