శాలువా కచేరీ: ఒక సమీక్ష

మొన్న ఆదివారం గవర్నర్‌పేటలో ఉచిత శాస్త్రీయ సంగీత సభ జరిగింది. ఎలా ఉందో రాయమని మిత్రులు అడిగారు. సంగీతం గురించి రాద్దామంటే నాకు వినిపించింది తక్కువ. కడుపు నిండా చూసింది సన్మానం. కాబట్టి దాన్నే సమీక్షిస్తాను.

కచేరీకి ఒక పద్ధతి ఉంది. ముందు వర్ణం, తర్వాత కీర్తనలు, నడుమ ప్రధాన రాగం, దాని వెంట మృదంగం, ఘటం మాత్రమే వాయించుకునే తని ఆవర్తనం, చివర్లో తేలికపాటి పాటలు, మంగళం. ఈ వరసని స్థిరపరిచిన ఘనత అరియకుడి రామానుజ అయ్యంగార్‌ది (1890–1967) అంటారు. పాపం, ఆయన వరసలో శాలువాకి చోటు లేదు. ఆ లోటు మా బెజవాడ నిర్వాహకులు తీర్చారు.

ఆరు గంటలకన్నారు. ఆరుంపావుకల్లా పాడే అమ్మాయి, వయొలిన్, మృదంగం, ఘటం నలుగురూ వేదిక మీద సిద్ధం. ముఖ్య అతిథి రాలేదు. మృదంగం ఎడమ పక్కకి తడిపిన రవ్వ ముద్ద అంటిస్తారు, అప్పుడే ఆ గంభీరమైన నాదం. కూచోబెడితే అది ఎండిపోతుంది. మృదంగం ఆయన ఒకటికి రెండుసార్లు గీకేసి కొత్తది పెట్టుకున్నాడు. ఏడు దాటాక ఇక లాభం లేదని ఆ అమ్మాయి వర్ణం మొదలుపెట్టింది. ఒక కీర్తన అయ్యాక ఖరహరప్రియ రాగం ఎత్తుకుంది. రాగం మెల్లగా పై షడ్జం వైపు వెళుతోంది. సరిగ్గా అప్పుడు బయట కార్ల తలుపుల చప్పుడు.

“ఒక్క నిమిషం అమ్మా” అంటూ వ్యాఖ్యాత మైకు అందుకున్నాడు. అసలు కచేరీ ఇక్కణ్ణుంచి.

తొలుత జ్యోతి ప్రజ్వలన. పెడస్టల్ ఫ్యాన్ గాలికి వత్తి అంటుకోదు, ఫ్యాన్ కట్టేయాలని ఎవరికీ తోచదు. కొవ్వొత్తి అయిదు చేతులు మారింది. ఫొటోగ్రాఫర్ “సార్, ఇటు” అనగానే అందరూ కెమెరా వైపు తిరిగి, వత్తి లేని చోట గాలిని వెలిగించారు. అధ్యక్షులవారు స్వాగతాన్ని విలంబ కాలంలో అందుకుని ‘మన సంస్కృతి’ దగ్గర నెరవు చేశారు, అంటే ఆ మాటనే తిప్పితిప్పి పాడారు. తాళం ఎన్ని ఆవర్తనాలు తిరిగినా మొదటి దెబ్బకి, అదే సమానికి, రాలేదు. తర్వాత ముఖ్య అతిథి. ఆ అమ్మాయి శ్రుతిపెట్టె కట్టేయడం మరిచిపోయింది, లేక కావాలనే వదిలేసిందో. అందుచేత ఆయన ప్రసంగం ఆసాంతం తంబూరా నాదంతోనే సాగింది. పెట్టె అయిదు శ్రుతిలో ఉంది, ఆయన దేంట్లోనూ లేరు. “సంగీతమంటే నాకు చిన్నప్పట్నుంచీ ప్రాణం” అని ఎత్తుకుని, ఉన్నట్టుండి గ్రహభేదం చేసి, అంటే ఆధార షడ్జాన్నే మార్చేసి, డ్రైనేజీ పనుల్లోకి దిగారు. మనోధర్మం, అదే అప్పటికప్పుడు అల్లే కల్పన, పుష్కలం.

ఇక శాలువాలు. అతిథికి, అతిథితో వచ్చినవాళ్లకి, వాళ్లతో వచ్చినవాళ్లకి, అధ్యక్షులకి, సౌండ్ సిస్టమ్ పెట్టించినాయన బావమరిదికి. కప్పించుకున్నవాళ్లు కప్పినవాళ్లకి తిరిగి కప్పారు. ఒకే శాలువా రెండుసార్లు వేదికెక్కడం నేను కళ్లారా చూశాను. చివర్లో ఎవరో గుర్తుచేశారు, “కళాకారులకి కూడా అండీ” అని. వయొలిన్ ఆయన్ని కమానుతో సహా చుట్టేశారు. ఘటం దగ్గరికి వచ్చేసరికి సరుకు అయిపోయింది. ఒక మెమెంటో చేతిలో పెట్టారు, దాని మీద వేరే ఎవరిదో పేరు.

అతిథి లేచారు. ఆయనతో పాటు సగం హాలు లేచింది. టైం ఎనిమిదిన్నర, హాలు తొమ్మిదికి ఖాళీ చెయ్యాలి. ఆ అమ్మాయి ఖరహరప్రియని వదిలిన చోట పట్టుకోబోయింది. దొరకలేదు. గబగబా కీర్తన పాడి తని ఇచ్చింది. నాలుగు నిమిషాలు కాలేదు, తెర పక్కనుంచి నిర్వాహకుడు వాచీ చూపిస్తూ “మంగళం, మంగళం” అని సైగలు.

కచేరీ మొత్తంలో ఘటం వాయించేవాడికి తనదంటూ ఉండేది ఆ తని ఒక్కటే! ఆయన తెనాలి నుంచి రైల్లో మట్టి ఘటాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. డబ్బు సంగతి అడిగితే “ఉచిత సభ కదండీ” అన్నారట. ఫ్లెక్సీవాడు ఉచితంగా వేశాడా? బొకేలు ఉచితంగా వచ్చాయా? హాలు, మైకు, ఫొటోగ్రాఫర్, వీడియో, అందరికీ లెక్క కట్టి ఇచ్చారు. ఆ రాత్రి అక్కడ కూలి లేకుండా పనిచేసింది ఆ నలుగురే. పైగా వాళ్ల నోరూ చెయ్యీ కట్టేశారు. సిగ్గుండక్కర్లేదూ? త్యాగరాజస్వామి శిష్యపరంపరలోని పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు పాఠం చెప్పిన ఊరండీ ఇది. ఎనిమిదేళ్ల బాలమురళి పాడుతుంటే పెద్దలు కూచుని విన్న ఊరు. ఈ ఊళ్లోనే 1948 నుంచి రేడియో స్టేషన్ ఉంది. అక్కడ స్టూడియోలో ఎర్రలైటు వెలిగాక ఎంతటివాడైనా తలుపు తోసుకుని శాలువా పట్టుకు రాగలడా?

నిర్వాహకుణ్ణి మర్నాడు బీసెంట్ రోడ్డులో పట్టుకుని నెమ్మదిగానే అడిగాను. సన్మానం చేసుకోవద్దనను, పగలే ఆ అతిథి ఇంటికెళ్లి కప్పి రావచ్చు కదా, సాయంత్రం వాళ్లని పాడుకోనివ్వొచ్చు కదా అన్నాను. ఆయన నా అమాయకత్వానికి జాలిపడ్డాడు.

“భలేవారే! ఫొటోలో వెనకాల కళాకారులు కనపడొద్దూ?”