ఒప్పందంలో ఉండాల్సిన వాక్యం

విశ్వవిద్యాలయమూ కంపెనీ అవగాహన ఒప్పందం కుదుర్చుకున్న మర్నాడు పత్రికల్లో ఫొటో వస్తుంది. ఒకవైపు ఉపకులపతి, మరోవైపు కంపెనీ ప్రతినిధి, మధ్యలో సంతకాలైన కాగితాలు. వాటిలో ఏం రాసుకున్నారో చాలాసార్లు అక్కడి అధ్యాపకులకే తెలియదు. పరిశోధనలో తేలిన నిజం డబ్బు ఇచ్చినవారికి నచ్చకపోతే దాన్ని ప్రచురించే హక్కు ఎవరిది? మేము అడుగుతున్నది ఇదే.

పటాన్‌చెరు ప్రాంతంలోని సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటకు వదులుతున్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటిబయోటిక్ మందులు విపరీతమైన మోతాదులో ఉన్నాయని 2007లో ఒక పరిశోధన పత్రం వెల్లడించింది. యాంటిబయోటిక్‌లకు లొంగని సూక్ష్మజీవులపై చర్చ జరిగిన ప్రతిచోటా ఆ తర్వాత పటాన్‌చెరు పేరు వినిపించింది. ఆ పత్రం రాసింది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల బృందం. మన ఊరి నీటి సంగతి ప్రపంచానికి అంత దూరం నుంచి తెలియాల్సి రావడం మమ్మల్ని ఇప్పటికీ బాధిస్తోంది. మందుల కంపెనీల నిధులతో నడిచే ప్రయోగశాలలో పనిచేసే ఆచార్యుడు ఆ నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపగలడా?

కెనడాలో వైద్యురాలు నాన్సీ ఒలివియెరి అలాంటి పనే చేసి కష్టాలపాలయ్యారు. తలసీమియా పిల్లలకు తరచూ రక్తం ఎక్కించడం వల్ల ఒంట్లో ఇనుము పేరుకుని గుండె, కాలేయం దెబ్బతింటాయి. ఆ ఇనుమును బయటకు పంపే డిఫెరిప్రోన్ మాత్రపై టొరంటోలో ఆమె చేసిన ప్రయోగాలకు అపోటెక్స్ అనే మందుల కంపెనీ నిధులిచ్చింది. కొందరిలో మందు సరిగా పనిచేయడం లేదని గమనించి, ఆ సంగతి రోగులకు చెప్పాలన్నారు. ఆమె విశ్లేషణను ఒప్పుకోని కంపెనీ 1996లో ప్రయోగాలు ఆపేసింది, బయటపెడితే చట్టపరమైన చర్యలు తప్పవని హెచ్చరించింది. ఆమె సంతకం చేసిన ఒప్పందంలో గోప్యత నిబంధన ఉంది. అదే కాలంలో ఆ కంపెనీ నుంచి భారీ విరాళం కోసం చర్చలు జరుపుతున్న విశ్వవిద్యాలయం ఆమెకు గట్టిగా అండగా నిలవలేదు. 2001లో స్వతంత్ర విచారణ కమిటీ న్యాయం ఆమె వైపే ఉందని తేల్చింది. డిఫెరిప్రోన్‌ను 2011లో అమెరికా కూడా అనుమతించింది కాబట్టి వివాదం మందు మంచిచెడ్డలతో ముగిసిపోయేది కాదు. తనకు తెలిసిన ప్రమాదం రోగికి చెప్పడానికి వైద్యురాలు కంపెనీ అనుమతి కోసం ఎదురుచూడాలా అన్నదే అసలు తగవు.

కలిసి పనిచేయడం తప్పని మేము అనడం లేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో గుర్తించిన వైరస్ రకం హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ చేతిలో రోటావాక్ టీకాగా మారి పసిపిల్లలకు అందింది. తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను ఆ టీకా సగానికి కాస్త పైగా మాత్రమే అడ్డుకోగలదన్న సంగతీ 2014లో అచ్చయింది.

పరిశోధనలకు నిధులిచ్చే అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ కోసం 2023లో చట్టం చేసినప్పుడు ఐదేళ్లలో రూ.50,000 కోట్లు సమకూరుతాయని కేంద్రం అంచనా వేసింది. అందులో సింహభాగం ప్రభుత్వేతర వర్గాల నుంచే రావాలి. డబ్బు రానివ్వండి. అయితే మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెబుతున్నవారిలో ఎందరో కాంట్రాక్టు, అతిథి అధ్యాపకులు. వచ్చే ఏడాది కొలువు ఉంటుందో లేదో తెలియని మనిషి నిధులిచ్చిన సంస్థకు ఎదురు చెప్పాలని ఆశించడం అన్యాయం. శాశ్వత నియామకాలు జరగనిదే ఎన్ని నిబంధనలు రాసినా అవి కాగితం దాటి రావు.

ప్రతి ఒప్పందాన్నీ విశ్వవిద్యాలయ వెబ్‌సైట్‌లో పెట్టాలి. పేటెంట్ దరఖాస్తుకు రెండు నెలల గడువు ఇచ్చి, ఆపైన ప్రచురణను ఎవరూ ఆపలేరని అందులో ఒక వాక్యం రాయాలి. రోగులకు హాని ఉందని తెలిస్తే ఆ రెండు నెలలూ అక్కర్లేదు. కౌలురైతు అప్పులపైనో, కలుషిత చెరువులపైనో పనిచేసేవారికి ఏ కంపెనీ నిధులివ్వదు కనుక, ప్రాజెక్టుల ఆదాయంలో కొంత వాటా వారికి కేటాయించాలి. ఇప్పటికే అమల్లో ఉన్న ఒప్పందాల్లో ఎన్నింటిలో ఈ వాక్యం ఉందో రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ముందుగా లెక్కతీసి ప్రకటించాలి.