శనివారం ఒక్కపొద్దు గారికి ఒక విన్నపం

అయ్యా ఒక్కపొద్దు గారూ,

మూడు నెలలుగా ప్రతి శనివారం మీ సేవలో ఉన్నాను. మా నాయనమ్మ మిమ్మల్ని వెంకన్న కోసం పట్టింది, చారెడు అటుకులతో సరిపెట్టుకుంది. నేను మాత్రం మెదడు కోసం పట్టాను. పస్తుంటే బుర్ర పాదరసంలా పనిచేస్తుందని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది, కింద నోబెల్ బహుమతి కూడా తగిలించారు. 2016లో జపాన్ శాస్త్రవేత్త ఒసుమి గారికి నోబెల్ వచ్చిన మాట నిజమే. పస్తున్నప్పుడు కణాలు తమ చెత్తను తామే ఎలా తినేస్తాయో ఆయన ఈస్టులో పట్టుకున్నారు. ఈస్టుకి సాయంత్రం ఉప్మా పెసరట్టు పోసిపెట్టేవాళ్ళు లేరు కదండీ.

మెదడు సంగతి మీకు తెలియంది కాదు. ఒంటి బరువులో 2 శాతం, ఊరికే కూర్చున్నా ఒంటి శక్తి ఖర్చులో 20 శాతం. అచ్చం ఇల్లరికపుటల్లుడు. రోజుకి దాదాపు 120 గ్రాముల గ్లూకోజు దాని పద్దు. పస్తు సాగి లివర్లో దాచిన చక్కెర తరిగితే, కొవ్వు కరిగి కీటోన్లు తయారవుతాయి, వాటితో బండి నడుస్తుంది. 1967లో అమెరికా వైద్యుడు కాహిల్ బృందం ఈ సంగతి తేల్చింది వారాల తరబడి పస్తున్నవాళ్ళ మీద. మరి మన పద్ధతో? పొద్దున్నే చక్కెర కాఫీ, పదింటికి రెండు అరటిపళ్ళు, మధ్యాహ్నం గ్లాసుడు పాలు. ఇవేవీ లెక్కలోకి రావని మీ రూలు. పాపం కీటోన్లు మొహమాటపడి గుమ్మంలోనే ఆగిపోతున్నాయి.

మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు మీటింగులో, టేబుల్ కింద ఫోన్లో గుత్తివంకాయ వీడియో చూస్తూ దొరికిపోయాను. 1945లో అమెరికాలోని మిన్నెసోటాలో ఒక ప్రయోగం కోసం 36 మంది కుర్రాళ్ళను ఆరు నెలలు అరపస్తు పెడితే, దిగులుపడి, చిరాకుపడి, చివరికి వంటల పుస్తకాలు ముందేసుకు కూర్చున్నారట. నాకు ఒక్క పూట చాలింది.

తక్కువ తినడాన్ని తప్పుపట్టడం లేదు. 2009లో జర్మనీలో కొందరు పెద్దవాళ్ళను 30 శాతం తగ్గించి తినమన్నారు. మూడు నెలలకి విన్న మాటలు గుర్తుపెట్టుకోవడం మెరుగైంది. కాకపోతే వాళ్ళు రోజూ తగ్గించారు. మీరు ఆరు రోజులు మారు వడ్డన చూసీచూడనట్టు వదిలేసి, ఏడోనాడు బాకీ వసూలుకొస్తారు. అదైనా సాయంత్రం ఆరింటికి, మూడు పెసరట్లతో మాఫీ. నాలుగోది "రాత్రికి అన్నం లేదు కదా" అని మా ఆవిడ వేస్తుంది.

జ్ఞాపకశక్తి పెరిగిందా అని అడుగుతారేమో. కరెంటు బిల్లు కట్టడం ఈ నెలా మరిచిపోయాను. శుక్రవారం రాత్రి పెసలు నానబోయడం మాత్రం ఒక్కసారీ మరవలేదు.

ఇట్లు,
సాయంత్రం ఆరింటి దాకా మీ విధేయుడు