సవరణ: ఏఆర్-3ఏ క్రాసోవర్ కెపాసిటర్ల గురించి

అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ పాత ఏఆర్-3ఏ స్పీకర్లలో, శబ్దాన్ని వూఫర్ (కింది స్వరాలు), మిడ్‌రేంజ్ (మధ్య స్వరాలు), ట్వీటర్ (పై స్వరాలు) అనే డ్రైవర్లకు పంచే సర్క్యూట్‌ అయిన క్రాసోవర్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు తీసేసి, అదే విలువున్న ఫిల్మ్ కెపాసిటర్లు వేస్తే శబ్దం అచ్చం కొత్తలోలాగే ఉంటుందని ముందు పోస్టులో రాశాను. అది తప్పు.

మైక్రోఫారడ్లు సమానమైనా ఈఎస్ఆర్, అంటే కెపాసిటర్ లోపలి నిరోధం, సమానం కాదు. ఎలక్ట్రోలిటిక్‌లో అది కొంత ఉంటుంది, ఫిల్మ్‌లో దాదాపు ఉండదు. కాబట్టి మిడ్‌రేంజ్‌కి సిరీస్‌లో ఉన్న 50 మైక్రోఫారడ్ల దగ్గర ఫిల్మ్ వేస్తే ఆ డ్రైవర్ స్థాయి కాస్త పెరగవచ్చు. డేటాషీట్లు, పాత సర్క్యూట్ డయాగ్రామ్ పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తెలుస్తుంది. తీసిన కెపాసిటర్ పాడైంది కాబట్టి దాని ఈఎస్ఆర్ ప్రమాణం కాదు. అదే రకం కొత్తదాన్ని కొలిచి, ఆ తేడా మేరకు చిన్న రెసిస్టర్ సిరీస్‌లో కలపాలి. లేదా కొత్త నాన్-పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) ఎలక్ట్రోలిటిక్ వేయండి, వూఫర్ వైపు 150 మైక్రోఫారడ్లకు నా ఓటు దానికే. ఆంప్లిఫయర్లలో వాడే ప్లస్, మైనస్ గుర్తున్న మామూలు ఎలక్ట్రోలిటిక్ మాత్రం వద్దు.

ట్వీటర్‌కి ఉన్న 6 మైక్రోఫారడ్లకు ఫిల్మ్ హాయిగా సరిపోతుంది. ట్వీటర్ మూగబోతే మాత్రం మొదట స్పీకర్ వెనకవైపున్న లెవెల్ కంట్రోళ్లు చూడండి. ఈ మోడల్లో అవి తుప్పు పట్టడం చాలా మామూలు.