నైట్రో ట్రక్కుకి బ్రష్‌లెస్ మోటార్: అరగంట పనేం కాదు

“నైట్రో ట్రక్కులో ఇంజిన్ విప్పెయ్యండి, అదే చోట బ్రష్‌లెస్ మోటార్ బిగించండి. అరగంట పని. రివర్స్ ఫ్రీ. కేవీ ఎంత ఎక్కువైతే స్పీడ్ అంత. ఇక మెయింటెనెన్స్ ఉండదు.” ఆర్‌సీ బండ్లు, అంటే రిమోట్‌తో నడిచే చిన్న బండ్లు నడిపేవాళ్ల మధ్య ఈ సలహా తెగ తిరుగుతోంది. నైట్రో ట్రక్కంటే ఇంధనంతో నడిచే చిన్న ఇంజిన్ ఉన్నది, బ్రష్‌లెస్ అంటే బ్యాటరీతో తిరిగే ఎలక్ట్రిక్ మోటార్. మార్చుకోవద్దని నేననను, నా ట్రక్కునీ మార్చాను. కాకపోతే ఈ నాలుగు మాటల్లో ఏదీ పూర్తిగా నిజం కాదు.

ముందు అరగంట సంగతి. ఇంజిన్, ట్యాంకు, పైపు విప్పడానికి అరగంట చాలు, ఒప్పుకుంటాను. అసలు పని ఆ తర్వాతే. ఇంజిన్ కింద నుంచి చాసిస్‌కి బిగుస్తుంది, మోటార్‌ని ముఖం వైపు నుంచి పట్టుకోవాలి. కాబట్టి మౌంట్ కొనాలి, లేదా అల్యూమినియం పలకతో చేసుకోవాలి. క్లచ్ బెల్ (ఇంజిన్ శక్తిని గేర్లకి అందించే పళ్ల గిన్నె) ఇంజిన్‌తోపాటే పోతుంది కనుక పినియన్ (మోటార్ షాఫ్ట్ మీద ఉండే చిన్న పళ్ల చక్రం) కావాలి. 1/8 ట్రక్కుల (అసలు బండిలో ఎనిమిదో వంతు సైజువి) మోటార్లకి షాఫ్ట్ మామూలుగా 5 మి.మీ., అంతకంటే చిన్నవైన 540 సైజు మోటార్లకి 3.17 మి.మీ. ఇక పళ్ల కొలత: మాడ్ 1, 32 పిచ్ అనేవి వేర్వేరు పళ్ల సైజులు. మాడ్ 1 పినియన్‌కి 32 పిచ్ స్పర్ గేర్ (పినియన్ తిప్పే పెద్ద చక్రం) కుదరదు. కలిపి తిప్పితే స్పర్ పళ్లు అరిగిపోతాయి. ట్యాంకు పోయిన చోట బ్యాటరీ ఇమడదు, దానికి ట్రే వేరే. ఫ్లైవీల్ కోసం చాసిస్‌లో కంత ఉంటే అదీ మూయాలి, లేకపోతే మట్టీ రాళ్లూ నేరుగా గేర్ల మీదకే.

రివర్స్ ఫ్రీ అన్న మాట దగ్గర నేను నిజంగానే మోసపోయాను. అన్నీ బిగించి ట్రిగర్ వెనక్కి నొక్కితే మోటార్ గుయ్యిమని తిరుగుతోంది, చక్రాలు కదలవు. పినియన్ జారుతోందనుకుని సెట్ స్క్రూ రెండుసార్లు బిగించాను. చివరికి గేర్‌బాక్స్ విప్పితే తెలిసింది. నాది టూ స్పీడ్ ట్రక్కు. అందులో మొదటి గేర్ వన్‌వే బేరింగ్ మీద ఉంటుంది. మోటార్ ముందుకు తోస్తే పట్టుకుంటుంది, వెనక్కి తిరిగితే వదిలేస్తుంది. ఇంజిన్ ఎప్పుడూ ఒకవైపే తిరుగుతుంది కాబట్టి దానికి ఆ ఏర్పాటు సరిపోయింది. రివర్స్ రాకపోవడం కంటే పెద్ద చిక్కు బ్రేక్. మొదటి గేర్‌లో మోటార్ బ్రేక్ వేసినా అదే బేరింగ్ వదిలేస్తుంది, చక్రాలు వాటి దారిన అవి పోతాయి. రివర్స్ రానప్పుడే అది నాకు తట్టాల్సింది. డిస్క్ బ్రేక్ ఇక దండగని అప్పటికే తీసేసి ఉన్నాను, ట్రక్కు తిన్నగా పోయి గోడకి కొట్టుకుంది. టూ స్పీడ్ తీసి సింగిల్ స్పీడ్ గేర్ వేశాకే రెండూ దారికొచ్చాయి. క్లచ్ బెల్ నేరుగా సెంటర్ డిఫ్ (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే గేర్లు) మీది స్పర్‌ని తిప్పే ట్రక్కులకి ఈ బాధ లేదు, వాళ్లు అదృష్టవంతులు.

కేవీ అంటే లోడ్ లేనప్పుడు ఒక్కో వోల్టుకి మోటార్ తిరిగే ఆర్‌పీఎం. 2200 కేవీ మోటార్‌కి 4ఎస్ లైపో (నాలుగు సెల్‌ల లిథియం బ్యాటరీ), అంటే 14.8 వోల్టులు ఇస్తే 32,560 ఆర్‌పీఎం. నైట్రో ఇంజిన్ గరిష్ఠంగా తిరిగేది కూడా దాదాపు అక్కడే. అదే మోటార్‌కి 6ఎస్ ఇస్తే 48,840. ఆ వేగం మాట అటుంచి, ముందు మోటార్, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ వేడెక్కుతాయి. ఒకే సైజు మోటార్లలో కేవీ పెరిగేకొద్దీ ఒక్కో ఆంపియర్‌కి వచ్చే టార్క్ తగ్గుతుంది, అదే లాగుడికి కరెంటు ఎక్కువ తింటుంది. పైగా నైట్రోలో క్లచ్ కాస్త జారుతూ పట్టుకునేది. మోటార్‌కి ఆ మెత్తదనం లేదు, నిలబడ్డ చోటు నుంచే పూర్తి టార్క్. డ్రైవ్ షాఫ్టులు, డిఫ్ గేర్లు ఆ దెబ్బ తినాలి. ఈఎస్‌సీలో పంచ్ సెట్టింగ్ (కదిలేటప్పుడు మోటార్ ఎంత గట్టిగా లాగాలో చెప్పేది) తగ్గించి మొదలుపెట్టడం మేలు.

మెయింటెనెన్స్ విషయంలో సగం నిజం ఉంది. ఇంధనం మండించే గ్లో ప్లగ్ లేదు, వాతావరణం మారినప్పుడల్లా ఇంధనం పాళ్లు సరిచేసే నీడిల్ తిప్పక్కర్లేదు, ఒళ్లంతా నూనె కాదు. బేరింగులు, డిఫ్ ఆయిల్ మాత్రం ఎప్పటిలాగే చూసుకోవాలి. వాటికి తోడు లైపో: సెల్‌కి 4.2 వోల్టులు దాటి చార్జ్ చేయకూడదు, దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి, నడిపేటప్పుడు 3.3 అటూఇటూగా కటాఫ్ పడాలి, అంటే ఈఎస్‌సీ కరెంటు ఆపెయ్యాలి. నా మొదటి ప్యాక్ ఉబ్బిపోయింది. ఈఎస్‌సీ నికెల్ బ్యాటరీ మోడ్‌లో ఉండిపోయి ఆ కటాఫ్ పడలేదు, లైపోకి మార్చడం నేనే మరిచాను.