స్కానర్‌కు తాళం వేసి మెకానిక్‌ను నిందిస్తారా?

హన్మకొండ, వరంగల్‌లో కొత్త బండ్లు రోడ్డు పక్క షెడ్లకు రావడం తగ్గింది. మెకానిక్‌లు అప్‌డేట్ కాలేదని తేల్చేసేవాళ్లు చాలామంది. నేను ఒప్పుకోను. వాళ్లకు చేతిపని ఉంది. రిపేరుకు కావాల్సిన సమాచారాన్ని కంపెనీలు తమ దగ్గరే బిగపట్టుకున్నాయి.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 పొగ ప్రమాణాలు వచ్చాక చాలా బైకుల్లో ఇంజిన్‌కు పెట్రోల్, గాలి కలిపి అందించే కార్బొరేటర్ పోయి, ఆ పని కంప్యూటర్‌తో చేసే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చిన సంగతి తెలిసిందే. అంతకుముందు ఉస్తాద్ కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే జెట్టు విప్పి, పెట్రోల్‌తో కడిగి, గాలి కొట్టి బిగించేవాడు. బండి స్టార్ట్ చేసి, స్క్రూను కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ సైలెన్సర్ చప్పుడు వినేవాడు. ఐడిలింగ్ నిలకడగా పడ్డాకే స్క్రూడ్రైవర్ కింద పెట్టేవాడు. ఇప్పుడు మీటరులో పసుపు లైటు వెలుగుతుంది. బండి కంప్యూటర్‌లో లోపాలు చదివే చవక స్కానర్ పెడితే అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా ఉండే లోపం కోడ్లు చదువుతుంది. కంపెనీ సొంత కోడు వస్తే చాలాసార్లు చేతులెత్తేస్తుంది. కారుకు కొత్త తాళంచెవి చేయించి దాన్ని ఈసీయూ, అంటే బండిలోని కంప్యూటర్, గుర్తించాలంటే, ఎక్కువ మోడళ్లకు కంపెనీ సాఫ్ట్‌వేరే దిక్కు. ఆ లాగిన్ డీలరు చేతిలో ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఇంజిన్లు విప్పుతున్న మనిషి కస్టమర్‌తో "షోరూంకే పోండి సార్" అనాల్సి రావడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది.

కంపెనీలు భద్రత గురించి చెబుతాయి. తెలియనివాళ్లు చేయి పెడితే బ్రేకులు ఫెయిలవుతాయని, పొగ ప్రమాణాలు దెబ్బతింటాయని అంటాయి. అంత భయముంటే మాన్యువల్ ఇవ్వండి, పని నేర్పండి. సమాచారం దాచిపెడితే అందాజాగా చేసే రిపేర్లే పెరుగుతాయి.

ఈ తగాదా పాతదే. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు కోర్టుల చుట్టూ తిప్పాయి. 2022 డిసెంబరులో కేంద్రం మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది కానీ చట్టం తేలేదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే బండ్ల రిపేరు మీద చట్టం చేసుకుంది.

బైకుతోనే ఇది ఆగదు. పైసా బాకీ లేకుండా కొన్న వస్తువు మీద అసలు అధికారం ఎవరిది? యాసంగి కోతలప్పుడు పరకాల దగ్గరో నర్సంపేట దగ్గరో కొత్త హార్వెస్టర్ మడి మధ్యలో ఆగిపోయిందనుకోండి. మబ్బు కమ్ముతోంది. వడ్లు తడిసి తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు. పక్క ఊరి మెకానిక్ బండేసుకుని వచ్చేస్తాడు. స్క్రీన్ మీద కోడు చూసి, అదేంటో తెలియక, కంపెనీ మనిషికి ఫోన్ చేయమంటాడు. ఆ మనిషి రేపొస్తానంటాడు. లక్షలు పోసి మిషన్ కొన్నవాడికీ, కోత కోసం ఎదురుచూస్తున్న రైతుకూ ఆ రాత్రంతా టెన్షనే.

రాష్ట్రం ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తోంది. సాయంత్రం పూట వాటి తలుపులు షెడ్డు మెకానిక్‌లకూ తెరవాలి, సర్టిఫికెట్ అడగకుండా. కేంద్రం చేయాల్సింది ఇంకా పెద్దది. డీలరుకు ఇచ్చే ప్రతి సాఫ్ట్‌వేర్, ప్రతి మాన్యువల్ న్యాయమైన ధరకు ఏ మెకానిక్‌కైనా అమ్మాలని చట్టం తేవాలి. అమ్మనన్న కంపెనీ బండికి రిజిస్ట్రేషన్ ఇవ్వకూడదు.